సింగిల్స్‌లో నా గీతలు ఏవో తెలుసుకున్న మూడు నెలలు

ఆరేళ్లు బ్యాడ్మింటన్‌లో డబుల్స్ ఆడాక మొదటిసారి సింగిల్స్‌కి దిగిన రోజు, నేను గెలిచాననుకున్న మొదటి పాయింటే నాది కాకుండా పోయింది. అవతలి అమ్మాయి నెట్ దగ్గరికి వచ్చేసింది. ఆమె వెనక కుడిపక్కంతా ఖాళీ. షటిల్ నా తల మీదికి రాగానే బలంగా అటు కొట్టాను. గీతకు బాగా లోపలే పడింది. చేయి పైకెత్తేశాను. ఆ అమ్మాయి వంగి షటిల్ తీసుకుంటూ, "అవుట్ అక్కా. సింగిల్స్‌కి లోపలి గీత కదా" అంది.

ఆ రెండు పక్కగీతల మధ్య ఉండే సన్నటి పట్టీ ఆరేళ్లుగా నాకు పాయింట్లు తెచ్చిపెట్టిన చోటు. డబుల్స్‌లో కోర్టు వెడల్పు 6.10 మీటర్లు, సింగిల్స్‌లో 5.18. అంటే రెండు వైపులా చెరో 46 సెంటీమీటర్లు తగ్గుతుంది. కాగితం మీద చిన్న తేడానే. కంటికీ మణికట్టుకీ అలవాటైపోయిన చోటు కాబట్టి నాకు మాత్రం పెద్దదే. ఆ రోజు రెండు గేముల్లో ఎనిమిది షటిళ్లు ఆ పట్టీలోనే వేశాను.

నా డబుల్స్ జోడీ ఉద్యోగం మారి వెళ్లిపోవడంతో సింగిల్స్‌కి రావాల్సి వచ్చింది. క్లబ్బు పోటీలకు మూడు నెలల టైముంది. పేరు ఇచ్చేశాక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన వయసులో ఉన్నప్పుడు సింగిల్సే ఆడేవారు, తర్వాత చాలా ఏళ్లు అంపైరింగ్ చేశారు. రూల్ తెలియక పాయింట్ పోగొట్టుకునేవాళ్లని చూస్తే ఆయన నిజంగా బాధపడతారు. "ఎదుటివాడు గెలుచుకుంటే ఇవ్వొచ్చమ్మా. తెలియక ఇచ్చేయకూడదు" అన్నారు మొదటి రోజే.

ఆ రోజు రాకెట్ సంచిలోంచి తీయనివ్వలేదు. గీతల మీద నడవమన్నారు. లోపలి పక్కగీత పట్టుకుని నెట్ నుంచి వెనకదాకా, అక్కణ్నుంచి వెనకగీత మీద అడ్డంగా, మళ్లీ అవతలి పక్కగీత మీద ముందుకి. ఒక్కో వైపు పొడవు 6.70 మీటర్లు, మొత్తం కోర్టు 13.40. ఇలా నాలుగైదుసార్లు తిరిగాక, మధ్యలో నిలబడి కళ్లు మూసుకుని గీత ఎంత దూరంలో ఉందో చెప్పమన్నారు. పక్కకి అడిగితే ప్రతిసారీ ఎక్కువ చెప్పాను, వెనక్కి అడిగితే తక్కువ చెప్పాను. డబుల్స్ ఆడేవాళ్లకి ఇది మామూలేనట. సింగిల్స్ కోర్టు సన్నగా పొడుగ్గా ఉంటుంది. అందుకే ఆట పక్కలకంటే ముందూవెనకలకే ఎక్కువ సాగుతుంది. ఎదుటివాళ్లని వెనక మూలకి లాగడం, అక్కణ్నుంచి నెట్ దగ్గరికి పరుగెత్తించడం. దీన్ని నాకు ఎవరూ ఎత్తుగడగా నేర్పలేదు. ఆ గీతల మీద నడుస్తుంటేనే అర్థమైంది.

నన్ను బాగా దెబ్బతీసింది వెనక ఉన్న రెండో గీత. చివరి గీతకి 76 సెంటీమీటర్లు లోపల ఇంకో గీత ఉంటుంది. డబుల్స్‌లో సర్వీస్ ఆ గీత దాటి పడితే అవుట్. సింగిల్స్‌లో ఆ గీతని లేనట్టే చూడాలి, సర్వీస్ చివరి గీత దాకా వెళ్లొచ్చు. మొదటి వారంలో ఎత్తుగా వచ్చిన సర్వీసుల్ని నేను ధీమాగా వదిలేసేదాన్ని. అవి ఆ 76 సెంటీమీటర్లలోనే పడేవి. మాస్టారు ఏమీ అనకుండా స్కోరు చెప్పేవారు. ముందువైపు హద్దు మాత్రం రెండు ఆటలకీ ఒకటే. నెట్ నుంచి 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీతని సర్వీస్ చేరాలి, దానికి ముందే పడితే ఫాల్ట్, అంటే పాయింటు ఎదుటివాళ్లకి.

గీత మీద పడితే? లోపలే. గీత 4 సెంటీమీటర్ల మందం ఉంటుంది, ఆ మందమంతా కోర్టులో భాగమే. షటిల్ బిరడా గీత అంచుని ఏ కొంచెం తాకినా ఇన్ కిందే లెక్క. ఈ మాట నాకు ముందే తెలుసు. కానీ అది నా వైపు గీత అయినప్పుడు నోరు విప్పి చెప్పడం వేరే సంగతి. దాని గురించి తర్వాత రాస్తాను.

స్కోరు సంగతి తొందరగానే వంటబట్టింది. సర్వీస్ నుంచి షటిల్ ఆగేదాకా సాగేది ఒక ర్యాలీ. అది ఎవరు గెలిస్తే వాళ్లకి ఒక పాయింటు, సర్వీస్ ఎవరిదైనా సరే. 21 పాయింట్లకి ఒక గేమ్, మూడు గేముల్లో రెండు గెలిచినవాళ్లది మ్యాచ్. 20–20 అయితే ఎవరైనా రెండు పాయింట్లు ముందుకు వెళ్లేదాకా ఆట సాగుతుంది. అలా సాగి సాగి 29–29 కి వస్తే ఆ తర్వాతి పాయింటుతో గేమ్ ముగుస్తుంది, 30–29. మాస్టారి కాలంలో ఇలా ఉండేది కాదు. సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు వచ్చేది. ఎదుటివాళ్లు ర్యాలీ గెలిస్తే సర్వీస్ మాత్రమే చేతులు మారేది. మగవాళ్ల గేమ్ 15 పాయింట్లు, ఆడవాళ్ల సింగిల్స్ 11. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ పోటీ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15–12, 15–6 తో ఓడించింది ఆ లెక్కలోనే. 2006లో ఇప్పుడున్న 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. "అప్పట్లో సర్వీస్ మన చేతిలో లేనప్పుడు తప్పు చేసినా పాయింటు పోయేది కాదు. ఇప్పుడు ప్రతి తప్పుకీ స్కోరు బోర్డు మీద ఒక అంకె మారుతుంది" అన్నారాయన. అందుకే సర్వీస్ తప్పుల్ని ఆయన అస్సలు ఒప్పుకోరు.

ఎక్కడ నిలబడి సర్వీస్ చేయాలన్నది సింగిల్స్‌లో చాలా సులువు. సర్వీస్ చేసేవాళ్ల స్కోరు సున్నా గానీ సరిసంఖ్య గానీ అయితే కుడివైపు నుంచి, బేసిసంఖ్య అయితే ఎడమవైపు నుంచి. షటిల్ ఐమూలగా ఎదుటి సర్వీస్ కోర్టులో పడాలి, తీసుకునేవాళ్లు అక్కడే ఉండాలి. వాళ్ల స్కోరుతో పని లేదు. నాకు 7 పాయింట్లు ఉన్నాయంటే ఎడమవైపు నుంచి చేస్తాను. ఎదుటి అమ్మాయికి 12 ఉన్నా ఆమె తన ఎడమవైపే నిలబడి అందుకుంటుంది. అంతే. అయినా రెండుసార్లు తప్పు చోట నిలబడ్డాను. ఒకసారైతే ర్యాలీ అయిపోయాక గానీ ఎవరూ గమనించలేదు. ఆ పాయింటు రద్దు చేస్తారనుకున్నాను. అలా కాదు, పొరపాటు సరిచేసుకుని ఉన్న స్కోరుతోనే ముందుకెళ్లాలి. ఆ తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. సర్వీస్‌కి ముందు స్కోరు పైకి చెప్పడం, సర్వీస్ చేసేవాళ్ల స్కోరు ముందు. "తొమ్మిది–పదకొండు" అని నోటితో అంటే కాళ్లు వాటంతటవే ఎడమవైపుకి వెళ్లిపోతాయి. స్కోరు మీద గొడవలు కూడా ఆ మాటతోనే తీరిపోతాయి.

ఇక సర్వీస్. మూడు నెలల్లో సగం కాలం దీనికే పోయింది.

మాస్టారు ఒక కర్రకి 1.15 మీటర్ల ఎత్తున రంగు టేపు చుట్టి, నా పక్కన నిలబెట్టారు. రాకెట్ తగిలే క్షణంలో షటిల్ మొత్తం ఆ ఎత్తుకి కిందే ఉండాలి. బిరడా ఒక్కటే కాదు, ఈకల చివర్ల దాకా మొత్తం. ఇంతకుముందు ఈ హద్దు నడుము. చివరి పక్కటెముక ఉండే చోటుని నడుముగా లెక్కగట్టి, షటిల్ దానికి కింద ఉందా అని సర్వీస్ జడ్జి కంటితో తేల్చాల్సి వచ్చేది. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా ఉంటుంది కాబట్టి వాదనలు తెగేవి కావు. 2018 నుంచి అందరికీ ఒకే ఎత్తు పెట్టారు. పొడుగువాళ్లకి ఇది ఇబ్బంది, వాళ్లు బాగా కిందికి దించి కొట్టాలి. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, ఆ టేపు నాకు ఛాతీ దాకా వస్తుంది. అంటే కొత్త రూల్ నాకు మేలే చేసింది. ఆ సంగతి తెలియక ఆరేళ్లు నడుము కిందికి వంగి వంగి సర్వీస్ చేశాను.

ఎత్తు కుదిరింది, కాళ్లు కుదరలేదు. సింగిల్స్‌లో ఎక్కువగా షటిల్‌ని బాగా ఎత్తుగా, వెనకగీత దగ్గర నిట్టనిలువుగా పడేలా పంపాలని నేర్పారు. అలా పంపాలంటే ఒంటి బరువంతా వెనక కాలి మీంచి ముందు కాలి మీదికి రావాలి. నాకేమో ఆ ఊపులో వెనక కాలు ముందుకి ఈడ్చుకుపోయేది. అది ఫాల్ట్. సర్వీస్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి షటిల్‌ని కొట్టేదాకా రెండు పాదాలూ కదలకుండా నేలకి ఆని ఉండాలి. ఇక్కడ చిన్న వెసులుబాటు ఉంది. పాదం మొత్తం ఆని ఉండక్కర్లేదు, ఏదో ఒక భాగం ఉంటే చాలు. మడమ లేవొచ్చు, వేళ్లు మాత్రం ఉన్నచోటే ఉండాలి. మాస్టారు నా వెనక కాలి బూటు ముందు ఒక పాత షటిల్ పెట్టారు. అది కదిలితే ఫాల్ట్. మొదటి రోజు యాభై సర్వీసుల్లో ముప్పై నాలుగుసార్లు కదిలింది. మూడో వారానికి యాభైకి రెండు.

పాదాలు గీతని తాకకూడదన్నది ఇంకొకటి. షటిల్ గీత మీద పడితే లోపల, కాలు గీత మీద పడితే ఫాల్ట్. రెండూ పక్కపక్కన పెట్టి గుర్తుంచుకున్నాను. అందుకునేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. నేను ముందుకు ఉరకాలన్న తొందరలో ముందు గీత తొక్కేసేదాన్ని.

రాకెట్ ఒకసారి ముందుకి కదిలిందంటే ఆగకూడదు. మధ్యలో ఆపి, ఎదుటివాళ్లు తొట్రుపడ్డాక కొట్టడం కుదరదు. రాకెట్ ముందుగా తగలాల్సింది బిరడాకి, ఈకలకి కాదు. షటిల్ వదిలి రాకెట్ ఊపాక తగలకపోతే మళ్లీ చేసే అవకాశం లేదు, పాయింటు పోయినట్టే. డబుల్స్‌లో మేము "మళ్లీ చెయ్" అని ఒకరికొకరం ఇచ్చుకునేవాళ్లం, అది మా స్నేహం, రూల్ కాదు. ఇవన్నీ ఎందుకింత కఠినంగా ఉంటాయని అడిగాను. ఆటలో ఒకరు కొట్టే ప్రతి షాట్ మీదా ఎదుటివాళ్ల ఒత్తిడి ఉంటుంది, ఒక్క సర్వీస్ మీద ఉండదు, అందుకే దాని మీద రూల్ ఉంటుంది అని చెప్పారు. 2023లో షటిల్‌ని వేళ్లతో గిర్రున తిప్పి వదిలి కొట్టే సర్వీస్ ఒకటి బయటికి రాగానే ప్రపంచ సమాఖ్య నిషేధించిన కారణం కూడా అదే అన్నారు. అందుకోవడం దాదాపు అసాధ్యమయ్యేది. ర్యాలీయే మొదలవదు, ర్యాలీ లేకపోతే ఆట ఏముంది? ఆయన చెప్పిన వాటన్నిటిలో నా మనసుకి బాగా పట్టింది ఈ మాటే.

సర్వీస్ నెట్ పైపట్టీకి తగిలి అవతల సరైన చోట పడితే ఆట కొనసాగుతుంది. నేను చిన్నప్పుడు టెన్నిస్ చూసి చూసి, అలాంటిది వచ్చినప్పుడల్లా "లెట్" అనుకుని ఆగిపోయేదాన్ని. టెన్నిస్‌లో సర్వీస్ మళ్లీ చేస్తారు, మనకి అలా లేదు. అలా మూడు పాయింట్లు పోయాక కాళ్లు ఆగడం మానేశాయి. లెట్, అంటే ఆ పాయింటు మళ్లీ ఆడించడం, ఇచ్చే సందర్భాలు వేరే. అందుకునేవాళ్లు సిద్ధం కాకముందే సర్వీస్ చేస్తే లెట్. అయితే సిద్ధంగా లేకపోయినా రాకెట్ ఊపి కొట్టడానికి ప్రయత్నించామంటే సిద్ధంగా ఉన్నట్టే లెక్క. సిద్ధంగా లేకపోతే రాకెట్ కదపకుండా ఎడమచేయి ఎత్తడం నేర్చుకున్నాను. ర్యాలీలో షటిల్ నెట్ మీద చిక్కుకుని ఉండిపోయినా, దాటాక అవతలివైపు వలలో ఇరుక్కున్నా లెట్. సర్వీస్‌లో అదే జరిగితే సర్వీస్ చేసినవాళ్ల ఫాల్ట్. ఆడుతుండగా బిరడా ఈకల నుంచి పూర్తిగా ఊడిపోయినా లెట్టే. పక్క కోర్టు షటిల్ మన కాళ్ల కిందికి వచ్చినా అంతే.

నెట్ దగ్గర నేను పోగొట్టుకున్న పాయింట్లు ఎక్కువగా తొందరపాటువే. షటిల్ ఆటలో ఉండగా రాకెట్ గానీ ఒళ్లు గానీ బట్ట గానీ నెట్‌కి తగిలితే ఫాల్ట్. నెట్ దగ్గర చక్కగా కిందికి కొట్టిన షటిల్ నేలని తాకేలోపు నా రాకెట్ వలని తాకేది. చేయి ముందుకి సాగకుండా, పక్కకి తుడిచినట్టు చిన్నగా కొట్టడం అందుకే నేర్చుకోవాల్సి వచ్చింది. షటిల్‌ని మన వైపు ఉండగా తాకి, ఆ ఊపులో రాకెట్ నెట్ మీదుగా అవతలికి వెళ్తే తప్పు లేదు. షటిల్ ఇటు రాకముందే చేయి చాపి అవతలే కొడితే తప్పు.

ఒక పాయింటు మాత్రం చాలాకాలం బాధించింది. నేను వెనకగీత అవతల నిలబడి ఉన్నాను. షటిల్ నా మీదుగా బయటికే పోతోంది, అవుట్ అన్నది స్పష్టం. పక్కకి తిరగబోతుంటే భుజానికి రాసుకుంది. పాయింటు ఎదుటివాళ్లదే. షటిల్ నేలని తాకేదాకా ఆటలోనే ఉంటుంది. మనం కోర్టు బయట ఉన్నామా లోపల ఉన్నామా అన్నది లెక్కలోకి రాదు, ఒంటికి తగిలితే ఫాల్ట్. అప్పట్నుంచి అవుట్ అవుతున్న షటిల్‌కి దారి ఇవ్వడం కూడా ఒక షాట్‌లాగే సాధన చేశాను.

పోటీ రోజు మొదటి రౌండ్‌లో ఎదురైంది ఎవరో కాదు, నాకు "లోపలి గీత" చెప్పిన అమ్మాయే. స్కోరు చెప్పడానికి ఒకరు కూర్చున్నారు. లైన్ జడ్జిలు సాయంత్రం ఫైనల్‌కే ఉంటారు, అప్పటిదాకా ఎవరి వైపు గీతలు వాళ్లే చెప్పాలి. ముందు షటిల్ పరీక్ష. వెనకగీత దగ్గర నిలబడి కిందినుంచి పైకి పూర్తి బలంతో ఒక షాట్ కొట్టాలి. అది ఎదుటి వెనకగీతకి 53 నుంచి 99 సెంటీమీటర్లు లోపల పడితే ఆ షటిల్ వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండోది సరిపోయింది. టాస్ నేను గెలిచాను. సర్వీస్ చేస్తావా, అందుకుంటావా, లేక వైపు ఎంచుకుంటావా అని అడిగారు. ఒకటి మనం తీసుకుంటే మిగిలినదాంట్లోంచి ఎదుటివాళ్లు ఎంచుకుంటారు. ఆ హాల్లో తలుపు వైపు నుంచి సన్నగా గాలి కొడుతుంది. వార్మప్‌లో చూసుకున్నాను, తలుపు వైపు నుంచి కొడితే షటిల్ కాస్త ఎక్కువ దూరం పోతోంది. గాలికి ఎదురుగా ఉండే వైపు తీసుకున్నాను, అక్కణ్నుంచి ధైర్యంగా బలంగా కొట్టొచ్చని. ఆ అమ్మాయి సర్వీస్ ఎంచుకుంది.

మొదటి గేమ్ 17–21 తో పోయింది. బలంగా కొట్టొచ్చనుకున్నాను గానీ, గాలికి నా షటిళ్లు వెనకదాకా వెళ్లక మధ్యలో పడుతుంటే ఆమె దర్జాగా స్మాష్ చేసింది. గేముల మధ్య 120 సెకన్ల విరామంలో మాస్టారు దగ్గరికి వచ్చారు. షటిల్ ఆటలో లేనప్పుడే ఎవరైనా సలహా చెప్పాలి, అందుకే అప్పటిదాకా పెదవి విప్పలేదు. "ఇప్పుడు వైపు మారుతోంది. వెనకగీతని కాదు, ఆ డబుల్స్ గీతని గురిపెట్టి కొట్టు. మిగతాది గాలి చూసుకుంటుంది" అన్నారు. సింగిల్స్‌లో లేనట్టే చూడాలన్న ఆ గీతే నాకు ఆ గేమ్‌లో గుర్తు అయ్యింది. మొదటి గేమ్ గెలిచింది కాబట్టి రెండో గేమ్‌లోనూ మొదటి సర్వీస్ ఆమెదే. ఈసారి ఆమె షటిళ్లు తక్కువ దూరం పడ్డాయి, నావి గీత మీదికే వెళ్లాయి. ఆ గేమ్‌లో 14–12 దగ్గర గొంతెండి నీళ్ల సీసా వైపు రెండడుగులు వేశాను. స్కోరు చెప్పే ఆయన ఆపారు. ఆట ఆగకుండా సాగాలి, ఊపిరి తీసుకోవడానికని ఆలస్యం చేయకూడదు, అనుమతి లేకుండా కోర్టు దాటకూడదు. ఎవరికైనా 11 వచ్చినప్పుడు ఇచ్చే 60 సెకన్లలోనే తాగి ఉండాల్సింది. వెనక్కి వచ్చి ఆడాను. 21–18.

మూడో గేమ్‌లో సర్వీస్ నాది. 11–9 దగ్గర మళ్లీ వైపులు మారాం, మూడో గేమ్‌లో మాత్రమే అలా మధ్యలో మారతారు. గాలికి ఎదురు వైపు నుంచి మళ్లీ అనుకూలమైన వైపుకి వచ్చాను. అయినా ఆధిక్యం కరిగిపోయింది. 19–20. ఆమె 20తో కుడివైపు నుంచి సర్వీస్ చేసింది. ఎత్తుగా వచ్చింది, ఇప్పుడు దాన్ని వదలను కదా. వెనక్కి వెళ్లి నెట్ దగ్గరికి డ్రాప్ వేశాను, ఆమె అందుకోలేకపోయింది. 20–20.

ఆ క్షణంలో నాకు గ్లాస్గో గుర్తొచ్చింది. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. 19–21, 22–20, 20–22. రెండో గేమ్ చివరి ర్యాలీ ఒక్కటే 73 షాట్లు. మూడో గేమ్ 20–20 దగ్గర నేను టీవీ ముందు నిలబడే ఉండిపోయాను. ఆ అంకె దగ్గర కోర్టులో నిలబడటం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అరచేయి చెమట పట్టి రాకెట్ పట్టు జారుతోంది. స్కోరు పైకి చెప్పుకున్నాను. సరిసంఖ్య, కుడివైపు. ఆ ర్యాలీ గెలిచాను. 21–20. ఒక్క పాయింటు చాలు.

బేసిసంఖ్య, ఎడమవైపు. సర్వీస్ చేశాను. పది పన్నెండు షాట్లయ్యాక ఆమె నన్ను ముందుకి లాగి, నా తల మీదుగా వెనక్కి ఎత్తింది. వెనక్కి తిరిగి పరుగెత్తాను. అందుకోగలను కూడా. కానీ కొంచెం ఎక్కువ పోతోందనిపించి వదిలేశాను. నా కళ్ల ముందే, రెండడుగుల దూరంలో పడింది. బిరడా గీత బయటి అంచుని తాకి బయటికి దొర్లింది. అవతలి నుంచి ఆమెకి కనపడదు. స్కోరు చెప్పే ఆయన పక్కన కూర్చున్నారు, ఆయనకీ తెలియదు. ఇద్దరూ నా మాట కోసమే చూస్తున్నారు.

నా వైపు గీత నేనే చెప్పాలి, సందేహం ఉంటే పాయింటు ఎదుటివాళ్లకే ఇవ్వాలి. మేము ఆడే అన్ని ఆటల్లోనూ ఇదే పద్ధతి. నాకు సందేహం కూడా లేదు, తెల్లగీతని తాకడం చూశాను. "ఇన్" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదేమో, ఆయన మళ్లీ అడిగారు. ఇంకోసారి చెప్పాను. 21–21.

తర్వాతి రెండు పాయింట్లూ ఆమెవే. 21–23. నెట్ కింద నుంచి కాకుండా పక్కగా వచ్చి చేయి పట్టుకుని, "అక్కా, అది నాకు అవుట్ అనిపించింది" అంది. "గీత అంచుకి తాకింది" అన్నాను. ఇద్దరం స్కోరు కాగితం మీద సంతకాలు పెట్టాం. ఆ సాయంత్రం ఫైనల్లో ఒక లైన్ జడ్జి తక్కువయ్యారని మాస్టారు నన్ను పిలిచి వెనకగీత దగ్గర కుర్చీ చూపించారు. అవుట్ అయితే రెండు చేతులూ పక్కలకి చాపి, అందరికీ వినపడేలా గట్టిగా "అవుట్" అనాలి. లోపల పడితే ఏమీ అనకూడదు, కుడిచేత్తో గీతని చూపించాలి. అడ్డం వచ్చి కనపడకపోతే రెండు చేతులతో కళ్లు మూసుకుని ఆ మాట ఒప్పుకోవాలి. మొదటి గేమ్ 6–4 దగ్గర ఒక షటిల్ సరిగ్గా నా ముందు గీత మీద పడింది. ఏమీ అనకుండా కుడిచేయి చాపి గీత చూపించాను.